‘మించకుండా’ అన్న మాట ఖరీదెంత?

విజయవాడ: ఈ పేజీలో ధరవరలు తప్ప వేరే ముచ్చట ఉండరాదనుకునే పాఠకులు ఈ పూటకు మన్నించాలి. నేడు వ్రాయబోయేది కూడా ధరను గురించే గాని, ఆ ధర పప్పుదో బియ్యానిదో కాదు, ఒక మాటది. ఆ మాట ‘గరిష్ఠం’. ఆంగ్లంలో ‘మాగ్జిమమ్’. కొనుగోలు నిబంధనల్లో, టెండరు కాగితాల్లో, మిల్లుల ఉత్తరాల్లో, మార్కెట్ యార్డు పట్టికల్లో ఈ మాట లేని పేజీ ఉండదు. దీనిని సరిగా వ్రాయనందువల్ల, వ్రాసినదానిని సరిగా చదవనందువల్ల మన డెల్టాలో రైతులూ వర్తకులూ పోగొట్టుకుంటున్న సొమ్ము తక్కువేమీ కాదు.

కొన్నేళ్ళ క్రిందటి సంగతి. వన్‌టౌన్‌లో మినుముల కమీషన్ వ్యాపారం చేసే మిత్రుడొకాయన ఒక ఉత్తరం పట్టుకొని వచ్చారు. పొరుగు రాష్ట్రపు పప్పు మిల్లు ఒకటి వ్రాసిన ఆంగ్ల ఉత్తరం అది. ఫలానా ధరకు ‘అప్ టు’ 500 బస్తాలు కొంటామని అందులో ఉన్నది. మన మిత్రుడు ‘500’ అన్న అంకె చూశారు గాని, దాని ముందున్న రెండు చిన్న మాటలు చూడలేదు. పల్లెల్లో బయానా ఇచ్చి 500 బస్తాలూ కట్టించారు. ఇంతలో ధర మందగించింది. మిల్లు వారు 180 బస్తాలు తీసుకొని ఇక చాలన్నారు.

“అదేమిటండీ, ఐదువందలన్నారు గదా?” అని ఈయన ఫోను చేశారు.

“అన్నామండీ. ఐదువందల వరకు అన్నాము. నూట ఎనభై ఆ లోపుదే గదా!” అని అవతలి జవాబు.

ప్లీడరు గారికి చూపిస్తే, ఉత్తరంలో మిల్లు తప్పిన మాట ఒక్కటీ లేదన్నారు. మిగిలిన 320 బస్తాలు గోదాములో అద్దె తింటూ కూర్చున్నాయి. ‘అప్ టు’ అన్నది కొనేవాడు తన కోసం గీసుకున్న పై గీత. దాని కింద ఎంత కొన్నా మాట తప్పినట్లు కాదు. అమ్మేవాడికి భరోసా కావాలంటే కింది గీత కూడా కాగితం మీద ఉండాలి. ‘300 బస్తాలకు తగ్గకుండా, 500 బస్తాలకు మించకుండా’ అని రెండు వైపులా వ్రాయించుకొని ఉంటే ఆయనకు ఆ నష్టం వచ్చి ఉండేది కాదు. ఆంగ్లంలో అయితే ‘నాట్ లెస్ దేన్ 300 అండ్ నాట్ మోర్ దేన్ 500’. మొత్తం తొమ్మిది మాటలు.

అసలు చిక్కు ఎక్కడ ఉన్నదంటే, గరిష్ఠం అన్న ఒక్క మాటతో మనం రెండు వేర్వేరు సంగతులు చెబుతున్నాము. ఒకటి, దాటకూడని హద్దు. రెండు, నిజంగా అందుకున్న ఎత్తు. పత్రికలో వాతావరణం గడిలో ‘గరిష్ఠ ఉష్ణోగ్రత’ అంటే నిన్న ఎండ నిజంగా ఎక్కిన ఎత్తు. పొట్లం మీద ‘గరిష్ఠ చిల్లర ధర’ అంటే అంతకు మించి అమ్మరాదన్న హద్దు. మాట ఒకటే, లెక్కలు రెండు.

ఈ రెండూ కలిస్తే ఎంత గందరగోళమో మన ప్రకాశం బ్యారేజీయే చెబుతుంది. 2009 అక్టోబరు వరదలో బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.10 లక్షల క్యూసెక్కులకు చేరింది. 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షలకు చేరి ఆ రికార్డును దాటింది. బ్యారేజీ తట్టుకోగలదని కట్టినప్పుడు వేసిన లెక్క 11.90 లక్షలు. ఆ రోజున ‘గరిష్ఠం దాటింది’ అని ఎవరైనా అంటే విన్నవాడు ఏమనుకోవాలి? పాత రికార్డు దాటిందనా, కట్టడం ఓర్చుకునే హద్దే దాటిందనా? మొదటిది నిజం, రెండవది కాదు. ఒకటి వార్త, మరొకటి ఊరు ఖాళీ చేయవలసినంత భయం. ఆంగ్లంలో జాగ్రత్తగా వ్రాసేవారు అందుకున్న ఎత్తును ‘హయ్యెస్ట్ రికార్డెడ్’ అనీ, హద్దును ‘మాగ్జిమమ్ పర్మిటెడ్’ అనీ, కట్టడం ఓర్పును ‘డిజైన్ కెపాసిటీ’ అనీ మూడు మాటలుగా విడదీస్తారు. తెలుగులోనూ విడదీయవచ్చును: ‘నమోదైన అత్యధికం’, ‘గరిష్ఠ పరిమితి’, ‘తట్టుకొనే సామర్థ్యం’. మాటలకు కొరత లేదు.

ఇక హద్దును గురించే ఇంకొక సందేహం వస్తుంది. హద్దు మీద నిలబడినవాడు లోపలివాడా, బయటివాడా? ‘నాట్ ఎక్సీడింగ్’ అంటే మించకుండా అని. సరిగ్గా అంత ఉంటే మించినట్లు కాదు గనుక చెల్లుతుంది. దీనికి మంచి సాక్ష్యం జి.ఎస్.టి. చట్టమే. 2017 నాటి కేంద్ర చట్టం 9వ సెక్షనులో పన్ను రేటు ‘నాట్ ఎక్సీడింగ్ ట్వెంటీ పర్సెంట్’ అని వ్రాశారు. దానిని చూసి ప్రతి సరుకు మీదా 20 శాతం పడుతుందని ఎవరూ అనుకోలేదు. అది ప్రభుత్వం తన చేతికి తానే కట్టుకున్న హద్దు. అత్యధిక శ్లాబు 28 శాతంగా ఉన్న ఎనిమిదేళ్ళలో అందులో కేంద్రం భాగం 14 దగ్గరే నిలిచింది. 2025 సెప్టెంబరు 22 నుంచి గ్యాసు నింపిన శీతల పానీయాలు, పెద్ద కార్లు వంటివాటికి 40 శాతం శ్లాబు వచ్చింది. అందులో కేంద్రం భాగం సరిగ్గా 20. హద్దును తాకింది, మించలేదు. చట్టం చెల్లింది. అక్కడే ‘20 శాతం కంటె తక్కువ’ అని వ్రాసి ఉంటే ఆ రేటు వేయటానికి ముందుగా చట్టాన్ని సవరించవలసి వచ్చేది.

ఇదంతా పట్నపు లెక్క అనుకునేవారు మన ధాన్యం కల్లానికి రావాలి. మద్దతు ధరకు కొనే ధాన్యానికి కేంద్రం ప్రకటించే నాణ్యతా ప్రమాణాల పట్టికలో ఒక గడి పేరే ‘మాగ్జిమమ్ లిమిట్’. తేమ 17 శాతం. మట్టి, రాళ్ళ వంటి వ్యర్థం 1 శాతం. గడ్డి, పొట్టు వంటి వ్యర్థం 1 శాతం. పక్వానికి రాని, ముడుచుకుపోయిన గింజ 3 శాతం. తక్కువ రకం కలపడం 6 శాతం. ఇవన్నీ పై హద్దులు. మీటరులో 17.0 చూపితే ధాన్యం లోపలిదే, 17.2 చూపితే బయటిది.

ఈ అంకె కల్లానికి చేరేసరికి ఎన్ని రూపాలు మారుతున్నదో చూడండి. ఒకరు ‘17 లోపు’ అంటారు. ఒకరు ‘17 వరకు’ అంటారు. ఒకరు ‘17 ఉండాలి’ అంటారు. ‘17 దాటకూడదు’ అని సరిగా చెప్పేవారు కొద్దిమందే. మన భాషలో ‘వరకు’ అంటే ఆ అంకె లోపలికి వస్తుంది. ‘మించకుండా’, ‘దాటకుండా’ అన్నా వస్తుంది. ‘లోపు’ అనేసరికి వివాదమే. పదిహేనో తేదీ లోపు బాకీ కడతానన్నవాడు పదిహేనున కడితే మాట నిలబెట్టుకున్నట్లా, తప్పినట్లా అన్న తగాదా ప్రతి బజారులోనూ ఉన్నదే.

‘17 లోపు’ అన్న మాట విని, ఎందుకొచ్చిన గొడవ అని ఇంకొక రోజు రోడ్డు మీద ఆరబోసి 16 శాతానికి దించిన రైతు ఎంత పోగొట్టుకుంటాడో లెక్క వేద్దాము. 17 శాతం తేమ ఉన్న క్వింటాలు ధాన్యంలో 83 కిలోలు పొడి గింజ. అదే గింజ 16 శాతం తేమకు దిగితే మొత్తం తూకం 98.81 కిలోలు అవుతుంది. క్వింటాలుకు 1.19 కిలోలు గాలిలో కలిసినట్లే. 2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు రూ. 2,369, అంటే మన 75 కిలోల బస్తాకు రూ. 1,776.75. ఆ ధర మీద వంద క్వింటాళ్ళు అమ్మిన రైతుకు 119 కిలోలు, రూ. 2,800 పైచిలుకు తరుగు. ఆరబోత కూలీ, పట్టాల అద్దె వేరే. ఇది మిల్లరు కోసిన తరుగు కాదు, దళారీ తిన్నది కాదు. ఒక మాట తిన్నది.

ఎదురు వైపు పొరపాటూ ఉన్నది. ‘17 శాతం ఉండాలి’ అని విన్న రైతు పదిహేడు అన్నది ఉజ్జాయింపు అంకె అనుకొని 18 చూపే ధాన్యంతో బండి కడతాడు. కేంద్రం దగ్గర బస్తాలు దించనివ్వరు. తుఫాను మబ్బు కమ్మిన రోజున అలా వెనుదిరిగిన బండి సంగతి డెల్టా వారికి చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతల మీద ఉన్న ధాన్యం గతి అందరూ చూసినదే. అటువంటి రోజున ఒక్క శాతం మీద మాట స్పష్టంగా ఉండటం చిన్న ఉపకారం కాదు.

కాబట్టి ఆంగ్లంలో ఉత్తరాలు, రిపోర్టులు వ్రాసే గుమాస్తాలకు, యువ వర్తకులకు కొన్ని గుర్తులు చెప్పదలచినాము.

హద్దు చెప్పదలచినప్పుడు ‘షల్ నాట్ ఎక్సీడ్ 17 పర్సెంట్’ అన్నది అన్నిటికంటె నిక్కమైన వాక్యం. ‘నాట్ మోర్ దేన్’ కూడా అంతే గట్టిది. ‘నో మోర్ దేన్’ అన్నది వేరు. అందులో ‘ఇంతేనా, ఇంత తక్కువా’ అన్న ధ్వని ఉన్నది గనుక నిబంధనలకు దూరంగా ఉంచడం మేలు. ‘మాగ్జిమమ్ 17 పర్సెంట్’ అని పట్టికలో వ్రాస్తే సరిపోతుంది గాని, వాక్యంలో ‘ఎ మాగ్జిమమ్ ఆఫ్ 17 పర్సెంట్’ అని నిండుగా వ్రాయాలి.

ఒకే హద్దును రెండుసార్లు చెప్పరాదు. ‘షల్ నాట్ ఎక్సీడ్ మోర్ దేన్’ అని వ్రాసిన కాగితాలు మన బజారులో కోకొల్లలు. మించడంలోనే ఎక్కువ అన్న అర్థం ఉన్నది. ‘అప్ టు మాగ్జిమమ్’ అన్నదీ ఆ కోవలోనిదే. రెండింటిలో ఒకటి చాలు.

హద్దుకు ‘సుమారు’ తగిలించరాదు. ‘అప్రాక్సిమేట్లీ మాగ్జిమమ్’ అంటే గోడ ఉన్నదీ లేనిదీ తెలియనట్లే. సుమారు అయితే హద్దు కాదు, హద్దు అయితే సుమారు కాదు. కొంత సడలింపు ఇవ్వదలచుకుంటే అది ఎంతో అంకెతోనే వ్రాయాలి.

‘లెస్ దేన్’, ‘బిలో’, ‘అండర్’ అన్న మాటలు ఆ అంకెను బయట నిలబెడతాయి. ‘అప్ టు’ లోపలికి తెస్తుంది గాని తేదీల విషయంలో ‘అప్ టు అండ్ ఇన్‌క్లూడింగ్’ అని ఇంకొక మాట కలిపితే తగాదా ఉండదు.

నిజంగా పలికిన ధర, వచ్చిన దిగుబడి, కురిసిన వాన చెప్పేటప్పుడు ‘మాగ్జిమమ్’ జోలికి పోకుండా ‘ది హయ్యెస్ట్ ప్రైస్ వాజ్’ అనో, ‘ప్రైసెస్ రీచ్‌డ్’ అనో వ్రాస్తే ఎవరూ దానిని ప్రభుత్వం కట్టిన హద్దు అనుకోరు.

అన్నిటికంటె ముఖ్యం, హద్దు దేనికో, దేని లెక్కనో చెప్పాలి. 2023 జూన్ 2న కేంద్రం కందులు, మినుముల నిల్వల మీద పరిమితి విధించినప్పుడు హోల్‌సేల్ వర్తకులకు ‘ఒక్కొక్క పప్పుకు విడివిడిగా’ 200 టన్నులు అని వ్రాశారు. ‘విడివిడిగా’ అన్న మాట లేకపోతే రెండూ కలిపి 200 టన్నులా, 400 టన్నులా అన్నది తనిఖీ అధికారి దయ మీద ఉండేది. మిల్లులకు వ్రాసిన హద్దు మరింత మెలిక గలది. గడచిన మూడు నెలల ఉత్పత్తి గాని, ఏడాది స్థాపిత సామర్థ్యంలో 25 శాతం గాని, ‘ఏది ఎక్కువైతే అది’. ఏడాదికి 4,000 టన్నుల సామర్థ్యం ఉండి, మూడు నెలల్లో 600 టన్నులు ఆడించిన మిల్లు ఉన్నదనుకుందాము. దాని హద్దు 1,000 టన్నులు. ‘ఏది తక్కువైతే అది’ అని ఉంటే 600. ఒక్క మాట మారితే 400 టన్నులు అక్రమ నిల్వ అయి కూర్చుంటుంది. ఆ సెప్టెంబరు 25న హోల్‌సేల్ హద్దును 50 టన్నులకు, మిల్లుల హద్దును ఒక నెల ఉత్పత్తి లేదా 10 శాతానికి దించారు. అప్పుడు కూడా ‘ఏది ఎక్కువైతే అది’ అన్న మాటను మాత్రం కదపలేదు. అంకెలను మాత్రమే చదివి ఊరుకున్నవారికి సగమే తెలిసింది.

ఇతరులకు నీతులు చెప్పి మా పేజీని వదలివేస్తే న్యాయం కాదు. మార్కెట్ వార్తలు వ్రాసే మేమందరమూ ‘ఫలానా సరుకు ఇంత వరకు పలికింది’ అని వ్రాస్తూ ఉంటాము. దుగ్గిరాల యార్డులో పసుపు కొమ్ములు ఒక రోజున నూరు లాట్లు వచ్చినవనుకుందాము. అందులో రెండు మూడు లాట్లు మంచి రంగు, గట్టి కొమ్ము ఉండి పై ధర పలుకుతాయి. మిగిలినవన్నీ అంతకు చాలా దిగువన అమ్ముడవుతాయి. శీర్షికలో మాత్రం ఆ రెండు మూడు లాట్ల ధరే ఎక్కుతుంది. మరునాడు ఆ ధర చూసి పక్క మండలం నుంచి లారీ కట్టించుకొని వచ్చిన రైతు యార్డులో నిలబడి, పత్రికలో ఒకటి, ఇక్కడ ఒకటీ ఏమిటని అడుగుతాడు. పత్రిక అబద్ధం వ్రాయలేదు. ‘వరకు’ అన్న మాట చిన్న అక్షరాల్లో నిజం చెప్పింది, అంకె పెద్ద అక్షరాల్లో ఆశ పెట్టింది.

ప్రభుత్వ మార్కెట్ సమాచార పట్టికలు ఈ పని మనకంటె మేలుగా చేస్తున్నాయని ఒప్పుకోవాలి. ఆగ్‌మార్క్‌నెట్‌లో కనిష్ఠం, గరిష్ఠం పక్కన ‘మోడల్’ ధర అని మూడవ గడి ఉంటుంది. ఎక్కువ సరుకు ఏ ధరకు చేతులు మారిందో అది. రైతుకు కావలసినది ఆ మూడవ గడే. దానికి ‘ఎక్కువగా అమ్మిన ధర’ అని తెలుగు పేరు పెట్టి మొదట వ్రాసి, కనిష్ఠాన్నీ, ‘పలికిన అత్యధిక ధర’నూ ఆ తరువాత వ్రాస్తే లారీ కిరాయిలు చాలా మిగులుతాయి.

దీనికి ఎదురుమాట లేకపోలేదు. వ్యాపారం నమ్మకం మీద నడుస్తుంది, వ్యాకరణం మీద కాదు అని పెద్ద వర్తకులు అంటారు. ఒకప్పుడు నోటిమాట మీద వేల బస్తాలు చేతులు మారిన బజారు మనది, కాదనలేము. అయితే నోటిమాట వ్యవహారంలో ఇద్దరూ ఎదురెదురుగా ఉంటారు. అనుమానం వస్తే అడుగుతారు, మధ్యవర్తి సర్దుతాడు. ఇప్పుడు అవతల ఉన్నది ఎక్కడో ఉన్న మిల్లు, బ్యాంకు, ఆన్‌లైన్ టెండరు, తేమ మీటరు. అవి ముఖం చూసి మొగమాటపడవు. కాగితం మీద ఏమి ఉన్నదో అదే చూస్తాయి. నమ్మకం ఎంత ఉన్నా మాట నిక్కంగా ఉంటే ఆ నమ్మకానికి చేటు లేదు.

మరి ఆంగ్లం ఎందుకు, అంతా తెలుగులోనే వ్రాయవచ్చును గదా అనేవారూ ఉన్నారు. ఆ మాటతో మాకు పేచీ లేదు. ఎవరి ధాన్యం కొలుస్తున్నామో వారి భాషలోనే హద్దు ఉండాలి. అయితే ఆంగ్లంలో తప్పు వ్రాసిన దానిని తెలుగులోకి దించితే తప్పే దిగుతుంది. మూలం సరిగా ఉండాలి, అనువాదం అంతకంటె సరిగా ఉండాలి.

కాబట్టి మా సూచనలు మూడు. ధాన్యం కొనే ప్రతి రైతు సేవా కేంద్రం దగ్గర పెద్ద అక్షరాలతో ‘తేమ 17 శాతానికి మించరాదు, సరిగ్గా 17 ఉంటే తీసుకోబడును’ అని బోర్డు కట్టాలి. యార్డు ధరల పట్టికలోనూ, పత్రికల్లోనూ ఎక్కువగా అమ్మిన ధర ముందు, అత్యధిక ధర వెనుక ఉండాలి. సరుకు ఒప్పందాల్లో పై హద్దు వ్రాసిన ప్రతి చోటా కింది హద్దు కూడా వ్రాయనిదే సంతకం పెట్టరాదు. వీటిలో ఏ ఒక్కదానికీ పెద్ద ఖర్చు లేదు. సిరా కొంచెం ఎక్కువ పడుతుంది, అంతే.

రైతు సోదరులకు, వర్తక మిత్రులకు చివరగా ఒక్క మనవి. చేతికి వచ్చిన కాగితంలో అంకె కనబడగానే కన్ను అక్కడ ఆపకండి. దాని ముందు మాట ఒకసారి, వెనుక మాట ఒకసారి చదవండి. మినుములు కట్టిన మా మిత్రుడు ఇప్పుడు ప్రతి ఉత్తరాన్నీ అలాగే చదువుతున్నారు. ఆ పాఠానికి ఆయన 320 బస్తాలు ఫీజు కట్టారు. మిగిలినవారు ఈ పత్రిక ఖరీదుతోనే నేర్చుకొందురు గాక.